విషానికి వరదని పేరు పెట్టారు

యగ్యూ అనే చిన్న స్టేషన్లో దిగి పది నిమిషాలు నడిస్తే వరిచేల మధ్యలో ఒక చోటు వస్తుంది. పంటబోదెలు కలిసేచోట నేలలో దించిన ఒక గుర్తు, పక్కన ఒక బోర్డు. అంతే. ఆ గుర్తు చుట్టూ మూడడుగులు వేస్తే సైతామా, గున్మ, తోచిగి అనే మూడు ప్రిఫెక్చర్లు (మన జిల్లాల్లాంటివి) చుట్టొచ్చినట్టే. ఆదివారాలు జనం వస్తుంటారు. మొన్న మేం వెళ్లేసరికి ఒక పిల్లాడు ఒంటికాలి మీద గెంతుతూ "సైతామా! గున్మ! తోచిగి!" అని అరుస్తున్నాడు. వాడు బోదెలో పడకుండా వాళ్ల నాన్న వెనకనుంచి చొక్కా పట్టుకుని ఉన్నాడు.

మాతో వచ్చిన మిత్రుడిది ఇంజనీరు బుర్ర. "సరిహద్దు గీసేవాడికి ఇంకెక్కడా చోటు దొరకలేదా? కొండ మీదో ఏటి నడుమో గీస్తారు గానీ వరిచేలో గీస్తారా ఎవరైనా?" అన్నాడు.

ఏటి నడుమే గీశారు. తర్వాత ఏటిని పక్కకు జరిపారు.

ఎందుకు జరిపారో అక్కడి బోర్డు మీద ఒకటి రెండు ముక్కల్లో ఉంటుంది. నాకు అది చాల్లేదు. అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను.

ముందు మా బాబాయి సంగతి చెప్పాలి. నేను జపానొచ్చి తొమ్మిదేళ్లు దాటింది. రాజమండ్రి నుంచి ఆయన పంపే వాట్సాప్ ఫార్వర్డుల్లో సగం నేనున్న దేశం గురించే. స్టేడియంలో చెత్త ఏరుతున్న ప్రేక్షకులు, బడిలో నేల తుడుస్తున్న పిల్లలు, రైలు ఆలస్యమైనందుకు తలవంచిన ఉద్యోగి. కింద ఎప్పుడూ ఒకటే మాట: "వీళ్లను చూసి నేర్చుకోవాల్రా." ఆయన పంపేవాటిలో చాలావరకు నిజాలే, కాదనను. ఆ మర్యాదలోంచి వెనక్కి నడిచి చరిత్ర అల్లేయడంతోనే చిక్కు. 1868లో మెయిజీ చక్రవర్తి పాలన మొదలైంది, అందరూ తలవంచి పనిలోకి దిగారు, రైళ్లొచ్చాయి, కార్ఖానాలొచ్చాయి, 1905లో రష్యాను ఓడించారు, ఆసియా అంతా సంబరపడింది. మన బడిపుస్తకాల్లో ఉన్నదీ, మన టీవీ చర్చల్లో వినపడేదీ ఇదే కథ. ఇందులో ఒక్కడూ ఎదురు మాట్లాడడు. ఒక్క చేప కూడా చచ్చి తేలదు.

మెయిజీ జపాను అంటే ఏమిటో తెలియాలంటే సమురాయిల కత్తుల కన్నా, చక్రవర్తి ఆజ్ఞల కన్నా, ఒక సమస్యకు పేరు మారిన తీరు చూడాలని నా వాదన. విషం అనే మాటను కాగితాల్లోంచి మెల్లగా తీసేసి దాని స్థానంలో వరద అనే మాట పెట్టారు. విషమైతే దోషి ఉంటాడు. వరదకెవరుంటారు, వానదేవుడు తప్ప?

యగ్యూకు ఎగువన, వతరసె నది పుట్టే కొండల్లో ఆషియో అని రాగి గని. 1610లో రాగి బయటపడింది. పక్కనే ఉన్న నిక్కోలో అప్పటి పాలకులు తోకుగావా షోగున్ల మందిరానికి ఆ రాగే వాడారు. కొంత నాగసాకి మీదుగా డచ్చి ఓడలెక్కింది. డచ్చివాళ్లు జపాను రాగిని మన కోరమాండల్ తీరంలో అమ్మి, ఇక్కడి అద్దకం బట్టలు కొనుక్కునేవారు కాబట్టి, ఈ కథలో మనకూ చిటికెడు వాటా ఉందనుకోవచ్చు. తర్వాత గని చిక్కిపోయింది. అడుగంటిందనుకున్న ఆ గనిని 1877లో ఫురుకవా ఇచిబెయి అనే వ్యాపారి కొన్నాడు. 1884లో పెద్ద పొర తగిలింది. 1888లో జార్డీన్ మాథెసన్ అనే బ్రిటిష్ వర్తక కంపెనీ 19,000 టన్నుల రాగికి ఒప్పందం రాసుకుంది. 1890కి గనికి సొంత జలవిద్యుత్తు కూడా వచ్చింది. పుస్తకాలు రాసేది ఇక్కడిదాకానే.

ఆషియో ఖనిజంలో రాగితోపాటు గంధకం ఉంటుంది. కొలిమిలో కాలిస్తే ఆ గంధకం ఘాటు వాయువై కొండల మీద పడింది. చెట్లు మాడిపోయాయి. మాడనివాటిని కొలిమి కట్టెలకూ, గనిలో పైకప్పుకు పెట్టే ఆనుదుంగలకూ కొట్టేశారు. బోడి కొండ వాననీటిని పట్టి ఉంచలేదు. వానొచ్చిన ప్రతిసారీ మట్టి, గని తుక్కు, అందులోని రాగీ ఆర్సెనిక్కూ కలిసి వతరసెలోకి జారాయి. పొగకు ఎదురుగా ఉన్న మాత్సుకి అనే కొండ ఊరు 1902 నాటికి పూర్తిగా ఖాళీ అయిపోయింది. ఇవాళ వెళ్లినా అక్కడ మొక్కలు నాటుతూనే ఉన్నారు.

దిగువ రైతుకు ఏమైందో అర్థం కావాలంటే అతనికి వరదంటే ఏమిటో ముందు తెలియాలి. మా అమ్మమ్మగారిది గోదావరి లంక. వరదొస్తే తిట్టుకునేది, పోయాక పొలంలోకి దిగి కాలి బొటనవేలితో ఒండ్రు లోతు చూసుకుని నవ్వేది. వతరసె దిగువనున్న యనకా గ్రామంవాళ్లూ అచ్చం అలాంటి మనుషులే. మట్టి పోసి ఎత్తు చేసిన దిబ్బల మీద ఇళ్లు కట్టుకున్నారు. చూరు కింద పడవ వేలాడదీసుకునేవారు. నీళ్లొస్తే పడవ దింపుకోవడం, పోయాక ఒండ్రులో విత్తుకోవడం, మిగతా రోజుల్లో చేపలు, రెల్లు. వరద వాళ్లింటికి ఏడాదికోసారి వచ్చే చుట్టం. కాస్త ఇల్లు పాడుచేస్తాడు, పోతూ పోతూ చేతిలో ఏదో పెట్టి పోతాడు.

1885లో ఆయు అనే ఏటిచేపలు గుంపులు గుంపులుగా చచ్చి తేలాయి, పత్రికల్లో వార్త వచ్చింది. 1890 ఆగస్టులో పెద్ద వరదొచ్చింది. నీళ్లు తీశాక రైతులు మామూలుగానే విత్తారు. మొలక పసుపెక్కి చచ్చింది. నూరేళ్లుగా పొలానికి ఎరువైన ఒండ్రే ఇప్పుడు పొలాన్ని చంపుతోంది. కోజాయ్ యోషినావో అనే వ్యవసాయ రసాయన శాస్త్రవేత్త మట్టి పరీక్షించి, చేటు రాగి వల్లేనని తేల్చాడు. ఇది 1890ల మొదట్లోనే. అంటే కారణం తెలియక జరిగిన ఘోరం కాదిది. మొదటి రెండేళ్లలోనే తెలిసిపోయింది. తర్వాతి పాతికేళ్లూ, తెలిసినదాన్ని ఏ పేరుతో పిలవాలన్న దాని మీదే గొడవ.

ఇక్కడ తనాకా షోజో వస్తాడు. 1841లో ఇప్పటి సానో పట్టణం దగ్గర కోనకా అనే ఊళ్లో పుట్టాడు. ఊరి మునసబు కొడుకు, తర్వాత తానే మునసబు. కుర్రతనంలో జమీందారు అన్యాయాన్ని ఎదిరించినందుకు నిలబడటానికీ పడుకోవడానికీ వీల్లేని మూడడుగుల బోనులో పెట్టారు. అన్నంలో విషం కలుపుతారేమోనని, దొంగతనంగా తెప్పించుకున్న రెండు ఎండుచేప దుంగల్ని కొరుక్కుంటూ 30 రోజులు గడిపానని తనే తర్వాత రాసుకున్నాడు. ఆ ఎండుచేప కట్సువోబుషి మా వంటింట్లోనూ ఉంది, చారులో వేసుకోవడానికి. చెక్కలా ఉంటుంది. దాన్ని నెలరోజులు కొరికిన మనిషి పార్లమెంటులో ఎలా ఉంటాడో ఊహించుకోవచ్చు.

1890లో జపాను మొదటి ఎన్నికల్లో గెలిచాడు. 1891 డిసెంబరులో ఆషియో గురించి ప్రశ్న వేశాడు. రాజ్యాంగం 27వ అధికరణం పౌరుడి ఆస్తికి భంగం కలగకూడదంటోంది కదా, మరి ఈ రైతుల ఆస్తి ఏమైంది అని. జవాబు చెప్పాల్సిన వ్యవసాయ వాణిజ్య మంత్రి ముత్సు మునేమిత్సు. ఆయన రెండో కొడుకు ఫురుకవా ఇచిబెయికి దత్తుడు. ప్రభుత్వం రాతపూర్వకంగా ఇచ్చిన జవాబు సారాంశం: కారణం ఇంకా తేలలేదు, కంపెనీ యంత్రాలేవో పెడుతోంది, ఆగండి.

(చిన్న పక్కదారి. ఫురుకవా కుటుంబం పెట్టిన విద్యుత్ కంపెనీ తర్వాత జర్మనీ సీమెన్స్‌తో కలిసింది. ఫురుకవాలోని "ఫు", జపానువాళ్లు పలికే "జీమెన్సు"లోని "జి" కలిపి ఫుజి ఎలక్ట్రిక్ అని పేరు పెట్టారు. అందులోంచి పుట్టిందే ఫుజిత్సు. ఆ పేరు ఫుజి పర్వతం నుంచి వచ్చిందని నేనూ చాలాకాలం అనుకున్నాను.)

కంపెనీ రైతులతో రాజీపత్రాలు రాయించుకుంది. కొంచెం డబ్బు, దానికి బదులుగా 1896 జూన్ వరకు నోరెత్తకూడదన్న షరతు. ఈలోగా తుక్కును పట్టే యంత్రం ఎలా పనిచేస్తుందో చూద్దామన్నారు. గడువు అయిన మూడు నెలలకు, 1896 సెప్టెంబరులో, ఇంకా పెద్ద వరద వచ్చింది. ఈసారి విషపు బురద తోక్యో అంచులదాకా పాకింది. అప్పటిగ్గానీ రాజధానికి మెలకువ రాలేదు. 1897లో రైతులు కాలినడకన తోక్యో బయలుదేరాక, ప్రభుత్వం గనికి 37 అంశాలతో ఆదేశం ఇచ్చింది. మడుగులు కట్టాలి, పొగను శుద్ధి చెయ్యాలి, గడువు దాటితే గని మూత. ఫురుకవా గడువులోపే అన్నీ కట్టించాడు. మడుగులు పొంగాయి, పొగ మామూలుగానే వచ్చింది. కాగితం మీద మాత్రం సమస్య 1897తో తీరిపోయింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

రైతులకు ఇంకో మేలు కూడా చేశారు. పాడైన పొలాలకు భూమిశిస్తు మాఫీ. వినడానికి బాగుంది. కానీ అప్పట్లో ఏడాదికి 15 యెన్లు పన్ను కట్టినవాడికే ఓటు. శిస్తు పోయింది, దాంతో ఓటూ పోయింది. పొలం చచ్చిన రైతు ఓటరు జాబితాలోనూ చచ్చిపోయాడు. ఇది కుట్రో, గుమాస్తా పనో అని నేను చాలాసార్లు ఆలోచించాను. గుమాస్తా పనే అయ్యుంటుంది. నాకు అదే ఎక్కువ భయం వేస్తుంది.

1900 ఫిబ్రవరి 13న తాతెబయాషి దగ్గర ఉన్రూజి గుడి నుంచి 2,000 మందికి పైగా రైతులు మళ్లీ బయలుదేరారు. వతరసె వెళ్లి కలిసే టోనె నది ఒడ్డున కవమతా దగ్గర పోలీసులు కాపుకాసి కొట్టారు. 51 మంది మీద కేసు పెట్టారు. నాలుగు రోజుల తర్వాత తనాకా పార్లమెంటులో లేచి, "దేశం నాశనమవుతోందని తెలియకపోవడమే దేశనాశనం" అన్న అర్థంతో ప్రశ్నపత్రం పెట్టాడు. ప్రధాని యమగాతా అరితోమో ప్రభుత్వం దానికి ఒకే వాక్యంలో జవాబిచ్చింది: ప్రశ్న ఉద్దేశం బోధపడలేదు కనుక జవాబు చెప్పడం లేదు.

కవమతా కేసు విచారణలో పబ్లిక్ ప్రాసిక్యూటర్ వాదిస్తుంటే తనాకా కోర్టులో బార్లా నోరు తెరిచి ఆవులించాడు. అధికారిని అవమానించాడని కేసు. ఆ ఆవులింతకు 1902లో 40 రోజుల పైచిలుకు జైల్లో కూర్చున్నాడు. కవమతా కేసేమో చివరికి ప్రాసిక్యూటర్ తన చేత్తో రాయాల్సిన పత్రం వేరే చేతిరాతలో ఉందన్న సాంకేతిక కారణంతో కొట్టుడుపోయింది. రైతులు నిర్దోషులని ఎవరూ అనలేదు. దోషులనీ అనలేదు. తోసేశారు, అంతే.

అందరూ చెప్పుకునే ఘట్టం 1901 డిసెంబరు 10. అప్పటికి తనాకా పార్లమెంటుకు రాజీనామా చేసి రెండు నెలలవుతోంది. అంతకు రెండేళ్ల ముందు సభ్యుల జీతం 800 యెన్ల నుంచి 2,000కు పెంచితే, పెంచినదే కాదు మొత్తం జీతమే వద్దన్న మనిషి. ఆరోజు పార్లమెంటు ప్రారంభించి తిరిగొస్తున్న మెయిజీ చక్రవర్తి బండి వైపు 60 ఏళ్ల ముసలాయన చేతిలో కాగితంతో పరుగెత్తాడు. "విన్నపం ఉంది!" అని అరిచాడు. అడ్డొచ్చిన అశ్వికుడి గుర్రం తూలి పడింది, ఈయనా పడ్డాడు. బండి వెళ్లిపోయింది. కేసు పెడితే జనం కదులుతారు కనుక, పిచ్చివాడని చెప్పి ఆ రాత్రే వదిలేశారు. ఆ విన్నపం ముసాయిదా రాసిచ్చింది కోతోకు షూసుయి అనే పాత్రికేయుడు. పదేళ్ల తర్వాత రాజద్రోహం కేసులో అతన్ని ఉరితీశారు. ఇంత ప్రమాదమైన కాగితం మీద కూడా తనాకా కూర్చుని కొన్ని మాటలు కొట్టేసి దిద్దాడు, దిద్దిన ప్రతిచోటా తన ముద్ర వేశాడు. సానో మ్యూజియంలో ఆ ముద్రల ఎర్ర సిరా కనిపిస్తుంది. ప్రాణం పోయే కాగితంలో కూడా వివరం తప్పు పోకూడదన్న ఆ మునసబు బుద్ధే నాకు ఆ పరుగు కన్నా ఎక్కువ నచ్చుతుంది. 2014లో అప్పటి చక్రవర్తి అకిహితో సానో వచ్చి ఆ కాగితం చూశారు. చేరాల్సిన ఇంటికి 113 ఏళ్లకు చేరిందన్నమాట.

జపాను పాఠ్యపుస్తకాల్లో, టీవీలో తనాకా కథ ఇక్కడ అయిపోతుంది. అసలు పని మొదలైంది మాత్రం దీని తర్వాతే.

ఆ పరుగుతో దేశమంతా ఆషియో పేరు మోగింది. విద్యార్థులు గుంపులుగా వచ్చి పొలాలు చూశారు. ప్రభుత్వం 1902లో రెండో విచారణ సంఘం వేసింది. 1903 నివేదిక ఏమందంటే, పొలాల్లో ఉన్న విషంలో ఎక్కువ భాగం 1897 ఆదేశానికి ముందు చేరినదే, ఇప్పటి గని వల్ల వచ్చేది తక్కువ. చూశారా, గుర్తుపెట్టుకోమన్న మాట? నడుస్తున్న గని ఇక ముద్దాయి కాదు. మరి రైతు బాధేమిటి? వరదలు. మందేమిటి? నది దిగువన ఒక పెద్ద పల్లం చూసి అందులో వరదనీళ్లు నిలవేయడం. గనిలోంచి విషం రాకుండా చూడాల్సిన సమస్య, నదిలో నీళ్లు ఎక్కడ పెట్టాలన్న సమస్యగా మారిపోయింది. ముద్దాయి బోనులోంచి దిగిపోయాడు, ఏరు ఎక్కింది.

తనాకా దీన్ని వెంటనే పట్టుకున్నాడు. టోనె నుంచి ఎడో నది చీలి రాజధాని వైపు పోయేచోట గట్లు బిగించి, విషపు నీళ్లు అటు పోకుండా ఆపారనీ, ఆ నీళ్లే వెనక్కి తన్ని వతరసె దిగువను ముంచుతున్నాయనీ ఆయన వాదన. అరవై దాటాక, చివరి ఏళ్లలో నదుల వెంట నడుస్తూ ఏ ఊళ్లో నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో నోటు పుస్తకంలో రాసుకుంటూ తిరిగాడు. ఊళ్లోవాళ్ల నోటి లెక్కలతో ప్రభుత్వం లెక్కల మీద పోరు. ఎవరూ పెద్దగా చెప్పుకోని ఏళ్లు అవి.

పల్లానికి మొదట ఎంచిన ఊళ్లలో సైతామా వైపు తోషిమా, కవాబే ఉన్నాయి. ఆ రెండు ఊళ్ల జనం 1902లో ఒక తీర్మానం చేశారు. ప్రభుత్వం మా గట్టు వెయ్యకపోతే మేమే వేసుకుంటాం, ఆపైన పన్ను కట్టం, పిల్లల్ని సైన్యానికి పంపం. మెయిజీ జపానులో, రష్యాతో యుద్ధానికి రెండేళ్ల ముందు, వేలు పెట్టి చూపించి మరీ అన్న మాట ఇది. సైతామా వెనక్కి తగ్గింది. మేం దిగిన యగ్యూ స్టేషన్ ఆ ఊళ్లున్న చోటే ఉంది. అక్కడ ఇవాళ వరి పండుతోందంటే, ఆ పిల్లాడు గెంతడానికి పొలం మిగిలిందంటే, ఆరోజు వాళ్లు తలవంచకపోబట్టే. బాబాయి ఫార్వర్డుల్లో ఈ జపాను ఎప్పుడూ రాలేదు.

తోచిగి వైపు యనకా మిగిలింది. దాదాపు 450 ఇళ్లు, 2,700 మంది. వరదకు తెగిన గట్టును బాగుచెయ్యకుండా వదిలేశారు. ఊరివాళ్లు సొంతంగా పోసుకున్న గట్టును అధికారులే తెగ్గొట్టించారు. 1904 డిసెంబరు 10న, అంటే చక్రవర్తి బండి దగ్గర తనాకా పడి సరిగ్గా మూడేళ్లకు, దేశమంతా యుద్ధం వార్తలు చదువుతుండగా, తోచిగి ప్రిఫెక్చర్ సభ తలుపులు మూసుకుని రహస్య సమావేశంలో ఊరి కొనుగోలుకు డబ్బు మంజూరు చేసింది. పొలం మునిగి, గట్టు లేక, ధర చెప్పుకునే స్థితిలో లేనివాళ్లు ఒక్కొక్కరే సంతకం పెట్టారు. 1906 జూలైలో యనకా అనే ఊరి పేరు రికార్డుల్లోంచి పోయింది. ఆ ఏడాది జనవరిలో హోంమంత్రి అయిన హరా తకాషి అంతకు ముందు ఏడాదే ఫురుకవా గనుల కంపెనీకి ఉపాధ్యక్షుడు. భూసేకరణ చట్టం వర్తింపజేసింది ఆయన హయాంలోనే. 1907 జూన్ 29 నుంచి జూలై 5 దాకా, కదలనన్న 16 కుటుంబాల ఇళ్లను పోలీసుల్ని నిలబెట్టి ఒక్కొక్కటే విప్పించారు. ఎవరూ చెయ్యెత్తలేదు.

ఊరు పోయింది, మరి వరదలు పోయాయా? 1910 ఆగస్టులో కాంతో మైదానమంతా మునిగింది, తోక్యోతో సహా. అప్పుడింకా పెద్ద పథకం వేసి, ఫుజియోకా మెట్టను తవ్వి వతరసెను అటు మళ్లించారు. 1918లో ఏరు కొత్త దారి పట్టింది. పాత దారి మెల్లగా పొలమైంది. మూడు ప్రిఫెక్చర్ల గుర్తు అక్కడే, పొలంలో, ఉండిపోయింది.

తనాకా ఆ కొత్త దారి చూడలేదు. 1913 సెప్టెంబరు 4న ఒక రైతు ఇంట్లో పోయాడు. ఆస్తి ఒక గుడ్డసంచి. అందులో రాజ్యాంగం ప్రతి, క్రొత్త నిబంధన, డైరీలు, ముతక కాగితాలు, ఏటి దగ్గరో దారిలోనో ఏరుకున్న మూడు గులకరాళ్లు. పోయే ముందటి ఏడాది డైరీలో రాసిన మాట ఇప్పుడు ప్రతి పర్యావరణ సభలోనూ వినపడుతుంది: నిజమైన నాగరికత కొండల్ని పాడుచెయ్యదు, నదుల్ని పాడుచెయ్యదు, ఊళ్లను పగలగొట్టదు, మనుషుల్ని చంపదు. మంచి మాటే. బోర్డుల మీద బాగుంటుంది. ఆ నోటు పుస్తకంలోని నీటిమట్టాలే ఫురుకవాను ఎక్కువ ఇబ్బంది పెట్టి ఉంటాయని నా అనుమానం.

ఈ కథ చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు అంటారు: రాగి లేకపోతే టెలిగ్రాఫు తీగలు లేవు, ఓడలు కొనడానికి డబ్బు లేదు, జపాను కూడా మనలాగే వలస అయ్యేది, ఒక ఊరు పోతే పోయింది అని. దీనికి జవాబు షికోకు దీవిలో ఉంది. అదే కాలం, అదే రాగి, అదే గంధకం. అక్కడి బెస్షి గని సుమితోమో అనే కంపెనీ వాళ్లది. పొగ గొడవ ముదిరితే వాళ్లు కొలిమిని సముద్రంలో షిసాకా దీవికి మార్చారు, 1905కి. బోడి కొండ మీద మొక్కలు నాటించారు. దీవి నుంచీ పొగ గాలికి ఒడ్డుకొచ్చింది, ఆ ఎత్తు పారలేదు. అప్పుడు రైతులతో కూర్చుని 1910లో ఒప్పందం రాసుకున్నారు. ఏటా పరిహారం, కరిగించే ఖనిజానికి పరిమితి, పైరు పొట్టమీదుండే రోజుల్లో కొలిమి ఆపడం. సుమితోమో వాళ్లు పుణ్యాత్ములని నేననను, రైతులు వాళ్లనూ ముప్పుతిప్పలు పెట్టాకే అది జరిగింది. కానీ విషాన్ని విషమనే పిలిచారు. అలా పిలిచాక బేరానికి దారి దొరికింది. తనాకాయే పార్లమెంటులో బెస్షిని చూపించి ఆషియోను నిలదీశాడు. ఆషియోలో గంధకపు పొగకు సరైన మందు పడింది 1956లో. తాను బాధ్యుడినని కంపెనీ ఒప్పుకుని దిగువ రైతులకు 155 కోట్ల యెన్లు కట్టింది 1974లో. గని మూసిన మరుసటి ఏడాది.

రెండో అభ్యంతరం నాకు నేనే చెప్పుకున్నది. దానికి జవాబు అంత సులువు కాదు.

2019 అక్టోబరు 12 రాత్రి పెద్ద తుఫాను. నేనప్పుడు కుకిలో ఉంటున్నాను, టోనె నదికి మరీ దూరం కాదు. ఫోన్లన్నీ ఒకేసారి ఘొల్లుమంటుంటే పాస్‌పోర్టులు, పిల్ల మందులు సంచిలో వేసుకుని తలుపు దగ్గర కూర్చున్నాం. తెల్లవారుజామున కురిహాషి దగ్గర నది ప్రమాద స్థాయి దాటింది. గట్టు తెగలేదు. పొద్దున నీళ్లు తగ్గుతున్నాయన్నారు, ఇడ్లీ పిండి ఉంటే పొయ్యి మీద పెట్టుకుని తిని పడుకున్నాం. తర్వాత తెలిసింది, ఆ రాత్రి యనకా ఉన్న పల్లం సుమారు 16 కోట్ల ఘనపు మీటర్ల నీళ్లు పట్టిందని. అది మొదలైనప్పటి నుంచి ఎప్పుడూ అంత పట్టలేదట. 33 చదరపు కిలోమీటర్ల ఆ రెల్లుగడ్డి లేకపోతే ఆ నీళ్లలో కొన్ని మా గుమ్మందాకా వచ్చేవే.

కాబట్టి వరద అబద్ధమని నేను అనలేను. పొడిగా నిద్రపోయినవాణ్ణి. వరద నిజమే, పల్లమూ పనిచేస్తుంది. ఇదే ఆ పేరు మార్పిడిలో గడుసుదనం. పూర్తి అబద్ధం పెట్టి ఉంటే ఎప్పుడో బయటపడేది. ఒక నిజాన్ని తెచ్చి ఇంకో నిజం మీద కప్పారు. పైనున్నది నూరేళ్లుగా పనికొస్తూనే ఉంది కాబట్టి కిందిదాన్ని ఎవరూ ఎత్తి చూడరు. 1902లో యనకావాళ్ల దగ్గరికొచ్చి, "గని మూయం, మీ నేల పాడుచేసింది మేమే, రాజధాని కోసం మీ ఊరు కావాలి, ఇదిగో దానికి తగిన ధర" అని ఉంటే వాళ్లు ఒప్పుకునేవారో లేదో గానీ, అది కనీసం బేరమయ్యేది.

ఆ పల్లంలో ఇప్పుడు ఒక రిజర్వాయరు ఉంది. పైనుంచి చూస్తే గుండె ఆకారం. సైకిళ్లు అద్దెకిస్తారు, మార్చిలో రెల్లు తగలబెట్టే రోజున కెమెరాలతో జనం వస్తారు, 2012 నుంచి అంతర్జాతీయ గుర్తింపు ఉన్న రామ్‌సర్ చిత్తడినేల. గుండె పై భాగంలో ఉండే ఆ నొక్కు ఎవరి కళాహృదయమూ కాదు. 1970ల్లో రిజర్వాయరు తవ్వకం ఊరి శ్మశానందాకా వచ్చినప్పుడు, యనకా సంతతివాళ్లు యంత్రాలకు అడ్డం నిలబడ్డారు. గుడి ఉన్న చోటు, గ్రామ కచేరీ ఉన్న చోటు, సమాధులు వదిలి పక్కకు తవ్వాల్సివచ్చింది. వదిలిన మేరకు గుండెలో నొక్కు పడింది. మేం ఆ సమాధుల దగ్గరికి వెళ్లాం. నాచు పట్టిన రాళ్లు, చుట్టూ మనిషెత్తు రెల్లు, ఒక రాతి ముందు ఎవరో పెట్టిన చిన్న గ్లాసులో సాకే, జపాను బియ్యపు సారా. గ్లాసు మూత తీసి పక్కనే పెట్టి ఉంది.

ఆ సాయంత్రం ఆకాశం నుంచి తీసిన రిజర్వాయరు ఫొటో ఒకటి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. పెట్టిన నిమిషంలో బాబాయి: "భలే! జపానువాళ్లు చెరువు తవ్వినా గుండె ఆకారంలో తవ్వారు చూడు!"

ఫోన్ చేశాను. పైనున్నదంతా చెప్పేసరికి ముప్పావుగంట పట్టింది. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాలేదు, అది ఆయనకు అలవాటు లేని పని. చివర్న అడిగాడు:

"ఆ పదహారిళ్ల వాళ్లూ ఎక్కడికెళ్లార్రా మరి?"

"ఎక్కడికీ వెళ్లలేదు బాబాయ్. ఇళ్లు విప్పేసిన చోటే గుడిసెలు వేసుకున్నారు. ఇంకో పదేళ్లు అక్కడే ఉన్నారు."